జెరాక్స్ షాపులో లినక్స్ మింట్: నాలుగు నెలలు వాడాక ఉన్నదున్నట్టు

ముందే చెప్పేస్తున్నానండి, నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాదు. అంబాజీపేట పక్క పల్లెలో చిన్న జెరాక్స్ షాపు నాది, దాంట్లోనే డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, లామినేషనూ. శుభలేఖ నుంచి పెద్దకర్మ కార్డు దాకా, రొయ్యల చెరువు లెక్కల నుంచి డిగ్రీ పిల్లల రెజ్యూమె దాకా అన్నీ రెండు సిస్టమ్‌ల మీదే నడుస్తాయి. లినక్స్ మింట్ అంటే విండోస్‌కి బదులు ఫ్రీగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అన్నమాట. అందుకని ఇది లినక్స్ గొప్పా విండోస్ గొప్పా అనే పంచాయితీ కాదు, పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా గిరాకీ నిలబడిపోకుండా పని జరిగిందా లేదా, అంతే నా రివ్యూ.

మారింది కూడా అవసరం కొద్దీనే, ఆదర్శాలేం లేవు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, పోనీ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది, నాదేమో ఐ3 4వ తరం లాప్‌టాప్, ర్యామ్ 4 జీబీ. కొత్తది కొనాలంటే నలభై వేలు ఎక్కడ తేను, జెరాక్స్ కాపీ ఇంకా రెండు రూపాయలే కదా. ఇంకోటి కూడా ఒప్పేసుకుంటున్నా, ఇన్నేళ్ళూ షాపులో నడిచిన ఆఫీసు గానీ ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గానీ ఒక్కటీ డబ్బు పెట్టి కొన్నది కాదు. సిస్టమ్ ఫార్మాట్‌కి ఇస్తే, చేసిపెట్టే కుర్రాడే "అన్నీ వేసేసానన్నా" అని ఇచ్చేవాడు, ఏం వేసాడో నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు దసరాకి వచ్చి "మావయ్యా, మింట్ వేసి చూడు, నచ్చకపోతే తీసేద్దువుగాని" అన్నాడు. వేసింది మింట్ 22.2, దాని పేరు జారా. వాళ్ళ వెర్షన్లన్నిటికీ ఆడపిల్లల పేర్లే పెడతారంట, అన్నీ ఆ తోనే అయిపోతాయి. సినమన్, మాటె, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలుంటాయి, పాత సిస్టమ్‌కి తేలికని మూడోది తీసుకున్నాం. 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు అంటారు గానీ 4 ఉంటేనే మంచిది, అది కూడా వాళ్ళే చెప్తారు. ఫైల్ 3 జీబీకి దగ్గర్లో ఉంటుంది, నా ఫోన్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకేజీ, కాబట్టి ఆగిన చోటి నుంచి మళ్ళీ దిగేలా టోరెంట్ పెట్టుకుని రెండు రాత్రులు దింపాను. దిగాక చెక్‌సమ్ (దిగిన ఫైల్ అసలుదేనని తేల్చే కోడ్) సరిచూడమని వాడు పట్టుబట్టాడు, ఎందుకురా అంటే 2016 ఫిబ్రవరిలో మింట్ వాళ్ళ సైటునే ఎవరో హ్యాక్ చేసి డౌన్‌లోడ్ లింకుని మార్చేసి దొంగ ఫైల్ పెట్టారంట. అది విన్నాక నేనే రెండుసార్లు చూసుకున్నాను.

వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చింది, కొనకముందే మామిడిపండు ముక్క కోసి రుచి చూపించినట్టు. అక్కడే తెలిసిపోయింది వైఫై రావట్లేదని. ఫోన్‌ని వైరుతో తగిలించి టెథరింగ్ పెట్టి, మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే కనిపెట్టి "ఇది వెయ్యనా" అంది, వేసి రీస్టార్ట్ చేస్తే వైఫై వచ్చేసింది. పనిలో పని పాత హార్డ్‌డిస్క్ పీకేసి 240 జీబీ ఎస్ఎస్‌డీ వేయించాను. ఇన్‌స్టాల్ ఇరవై నిమిషాలు. ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి, ఇప్పుడు స్పీడ్ పెరిగిందంటే అందులో సగం ఘనత ఎస్ఎస్‌డీదే, అంతా లినక్స్ మహత్యం అని చెప్పేవాళ్ళని నమ్మకండి. కానీ ఆన్ చేసి ఏమీ తెరవకపోతే ర్యామ్ ఒక జీబీ లోపే తింటోంది, అది మాత్రం మింట్ గొప్పే.

ఇక రోజువారీ పని. మా షాపుకి వచ్చే పెన్‌డ్రైవుల్లో సగం రోగిష్టివండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి, నొక్కితే వైరస్ మనకీ అంటుకునే రకం, నెట్ సెంటర్ నడిపినోళ్ళందరికీ తెలుసు ఈ బాధ. మింట్‌లో పెడితే ఆ షార్ట్‌కట్లు ఉత్త చచ్చిన ఫైళ్ళలా పడుంటాయి, దాచేసిన అసలు ఫోల్డర్లు కూడా చాలావరకు మామూలుగానే కనపడిపోతాయి. ఒక టీచరుగారు "నా ప్రశ్నాపత్రాలన్నీ పోయాయండీ" అని ఏడుపు మొహంతో వస్తే రెండు నిమిషాల్లో తీసిచ్చాను, ఆవిడ నన్ను పెద్ద హ్యాకర్ అనుకుంటోంది ఇప్పటికీ. నేనూ కాదనలేదు.

ఆధార్ పీడీఎఫ్‌లు, పేరులో మొదటి నాలుగక్షరాలూ పుట్టిన ఏడాదీ పాస్‌వర్డ్ కొట్టి తెరవడం, ప్రింట్ తియ్యడం, మామూలే, ఏ తేడా లేదు. రెండు మూడు పీడీఎఫ్‌లు కలపడానికి ఇదివరకు ఏదో వెబ్‌సైట్‌లోకి ఎక్కించేవాణ్ణి, జనాల పట్టాదారు పుస్తకాలూ పాన్‌కార్డులూ ముక్కూ మొహం తెలియని సైట్‌లోకి పంపేస్తున్నానని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు పీడీఎఫ్ అరేంజర్ అని ఉంది, పేజీలు చేత్తో పేర్చినట్టు పేర్చుకోవడమే, నెట్ లేకపోయినా అవుద్ది. ఉద్యోగం అప్లికేషన్లకి ఫొటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు అని అడుగుతారు చూడండి, ఫొటోలు దిద్దే ఫ్రీ సాఫ్ట్‌వేర్ జింప్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్ పెడితే క్వాలిటీ గీత జరిపేకొద్దీ ఎన్ని కేబీ అవుద్దో అక్కడే చూపిస్తుంది, ఆ ఒక్క దానికే జింప్‌కి దండం పెట్టొచ్చు. పాస్‌పోర్ట్ ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు కట్ చేసి షీట్ మీద ఎనిమిది పేర్చడం మాత్రం ఇదివరకు ఒక్క బటన్‌తో అయ్యేది, ఇక్కడ ఒక ఖాళీ షీట్ తయారుచేసుకుని అందులో అతికించుకుంటున్నాను. మెనూలన్నీ వేరే చోట ఉండటంతో మొదటి వారం జింప్‌ని తిట్టని పూట లేదు. వాట్సాప్ వెబ్ ఫైర్‌ఫాక్స్‌లో, సినిమాలూ పెళ్ళి వీడియోలూ వీఎల్‌సీలో, దాని గురించి కొత్తగా చెప్పేదేముంది, అది మనం విండోస్‌లో కూడా వాడేదే, అది కూడా వీటిలాగే ఫ్రీ, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే అని చాలామందికి తెలీదు, అంతే.

ఎమ్మెస్ ఆఫీసుకి బదులు వాడే లిబ్రే ఆఫీసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి కొంతమంది విడిపోయి వేరు కాపురం పెట్టుకున్నారు, అదే ఇది. పిల్లల రెజ్యూమెలు, తహసీల్దారుగారికి అర్జీలు, బాండ్ పేపర్ మీద అగ్రిమెంట్లు, వీటికి ఏ లోటూ లేదు. వర్డ్ ఫైల్ తెరిస్తే లైన్లు చెదిరిపోతున్నాయని అందరూ అంటారు, నాకూ చెదిరాయి, అసలు కారణం చాలాసార్లు ఫాంటేనండి. కాలిబ్రి మన దగ్గర ఉండదు కదా, అదే కొలతలతో చేసిన కార్లీటో అని ఫ్రీ ఫాంట్ ఉంది, కేంబ్రియాకి బదులు కాలడియా, ఈ రెండూ వేసుకున్నాక ఒక పేజీ రెజ్యూమె ఒక పేజీలోనే ఉంటోంది. టేబుల్లో టేబుల్ పెట్టి, బొమ్మలు ఇరికించిన ఫైళ్ళు మాత్రం ఇప్పటికీ కొన్ని ఒరిగిపోతాయి, అలాంటివి పంపినోళ్ళనే పీడీఎఫ్ చేసి పంపమంటున్నా.

ఎక్సెల్ లెక్కలకైతే మా ఊరి రొయ్యల రైతు ఒకాయనే పరీక్ష పెట్టాడు. చెరువు చెరువుకీ ఎంత మేత వేసాడు, ఎంత రొయ్య పట్టాడు, కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పడింది, ఇదంతా ఆయన కొడుకు హైదరాబాద్ నుంచి చేసి పంపిన షీట్. క్యాల్క్‌లో (లిబ్రే ఆఫీసులో ఎక్సెల్ లాంటిది) శుభ్రంగా తెరుచుకుంది, ఫార్ములాలన్నీ పనిచేసాయి, చార్ట్ రంగులు కొంచెం మారాయి. కానీ పైన "రిపోర్ట్" అని ఒక బటన్ పెట్టాడు ఆ అబ్బాయి, మాక్రో అన్నమాట, అంటే కొన్ని పనులు దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం, అది నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. "ఏటండీ, మీ కంప్యూటరు అలిగిందేటి?" అన్నాడాయన. మాక్రోలు ఎక్కువ వాడేవాళ్ళు తొందరపడకండి, మీకిది ఇబ్బంది అవుద్ది. రిపోర్ట్ నేనే చేత్తో వేసిచ్చాను, పది రూపాయలు తగ్గించుకున్నాను కూడా.

ఇప్పుడు అసలు కథకి వస్తున్నా, తెలుగు. ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే.

డిసెంబర్ ఆఖర్లో ప్రభల తీర్థం కరపత్రం కోసం కమిటీ పెద్దాయన వచ్చారు. బయట ఊళ్ళవాళ్ళకి చెప్పాలంటే, కనుమ నాడు మోసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు వచ్చి కలుస్తాయి, ఏకాదశ రుద్రులు అంటాం. మా వైపు సంక్రాంతంటే అదే. ఏటా ఆయన వస్తారు, నేను పాత ఫైల్ తెరిచి తేదీ మార్చి చందాలిచ్చినోళ్ళ పేర్లు కలిపి అరగంటలో ఇచ్చేస్తాను. పేజ్‌మేకర్ (పేజీలు పేర్చే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్) ఫైల్ అది. పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 యే ఆఖరి వెర్షన్, అయినా మన డీటీపీ వాళ్ళం ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నాం. లిబ్రే డ్రా పేజ్‌మేకర్ ఫైళ్ళు కూడా తెరుస్తుందని మేనల్లుడు చెప్పి ఉన్నాడు, తెరిచాను, తెరుచుకుంది కూడా, బోర్డర్లు బొమ్మలు వాటి చోట్లో అవి ఉన్నాయి, కానీ అక్షరాలు? అన్నీ అడ్డదిడ్డంగా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, కొమ్ములు. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి చూసి "ఇదేటి నాయనా, పదకొండు మంది రుద్రుల్నీ ఇంగ్లీషులో తిట్టినట్టుంది" అన్నారు.

ఆ పూట లినక్స్‌ని తిట్టుకున్న మాట నిజం. రాత్రి కూర్చుని చూస్తే అర్థమైంది, తప్పు దానిది కాదు. మన పాత డీటీపీ ఫాంట్లు, పేరెందుకు గానీ అందరూ వాడేవే, అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతా ఒకే నంబరు ఇచ్చే పద్ధతి) రాకముందు నాటి పద్ధతిలో చేసినవి. వాటిలో కంప్యూటర్ దృష్టిలో మనం కొట్టేది తెలుగే కాదు. ఒక ఇంగ్లీషు అక్షరం గదిలో మన "క"ని, ఇంకోదాని గదిలో తలకట్టుని, మరోదాని గదిలో వత్తుని అద్దెకి దించారంతే, ఆ ఫాంట్ ముసుగు ఉన్నంతసేపూ తెలుగులా కనపడుద్ది, ముసుగు తీస్తే లోపల ఇంగ్లీషు చెత్త. విండోస్‌లో అయినా ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఇంతే, ఫోన్‌లోకి కాపీ చేస్తే ఇంతే. శుభలేఖలో మేటర్ వాట్సాప్‌లో పెట్టండి అని గిరాకీలు అడిగితే ఇన్నేళ్ళూ ఫొటో తీసి పంపింది అందుకేగా! పన్నెండేళ్ళుగా నేను కొట్టిన తెలుగంతా, ఎన్ని వేల పేర్లో, ఎన్ని గోత్రాలో, ఒక్క పేరు కూడా వెతికితే దొరకదు, ఫైల్ పేరు గుర్తుంటే తప్ప.

ఆ పాత ఫాంట్ ఫైళ్ళు తెచ్చి మింట్‌లో పడేస్తే కనపడతాయి, చూసాను కూడా. కానీ అవీ కొన్నవి కాదు, ఆ కుర్రాడు "అన్నీ వేసేసానన్నా" బాపతే. అదీ కాక మళ్ళీ అదే గోతిలో పడటం ఎందుకనిపించింది. కూర్చుని కరపత్రం మొత్తం మళ్ళీ కొట్టాను. నా వేళ్ళు యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికకి అలవాటు పడిపోయినయ్, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలేమో అని భయపడ్డాను. ఐబస్‌కి (వేరే భాషల్లో టైపు చెయ్యనిచ్చే సాఫ్ట్‌వేర్) ఎం17ఎన్ అని ఒక ప్యాకేజీ వేసుకుంటే అందులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన ఇలా తెలుగుకే చాలా రకాల కీబోర్డులున్నాయి, యాపిల్ పెట్టుకున్నాను, రెండు మూడు వత్తుల దగ్గర తడబడ్డాను తప్ప చేతులు వాటంతటవే నడిచాయి. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్నోళ్ళకి ఆర్‌టీఎస్ తేలిక.

ఫాంట్లకి కొదవే లేదండి. హెడ్డింగులకి రామభద్ర, లావుగా, గుడి బోర్డు మీద రాసినట్టు నిండుగా ఉంటుంది, లోపల మేటరుకి మండలి, ఇంకా గిడుగు, సూరన్న, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, అన్నీ మనవాళ్ళ పేర్లే. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చారు, ప్రింటు వేసి డబ్బు తీసుకున్నా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. కొన్నిట్లో అరుదైన వత్తు పడినప్పుడు పై లైన్ కింద లైన్ రాసుకుంటాయి, లైన్ల మధ్య ఎడం పెంచుకోవాలి. లిబ్రే ఆఫీసులో ఇంకో తిరకాసు, స్టైల్స్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంట్ గడి, తెలుగు లాంటివాటికి కాంప్లెక్స్ టెక్స్ట్ అని వేరే గడి ఉంటాయి, నేను పైదాన్ని మార్చి "ఎందుకు మారట్లేదురా నాయనా" అని అరగంట కొట్టుకున్నాను. గుణింతాలు, వత్తులు సరిగ్గా పేర్చిపెట్టే పని వెనకాల హార్ఫ్‌బజ్ అని ఒక లైబ్రరీ చేస్తుందంట, లిబ్రే ఆఫీసులో అదే, ఫైర్‌ఫాక్స్‌లో అదే, మన ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అదే. ఆ పేరు పర్షియన్ నుంచి వచ్చింది, ఓపెన్‌టైప్ అన్న మాటకి వాళ్ళ భాషలో చేసిన తర్జుమా. పర్షియన్ పేరున్న లైబ్రరీ మా రుద్రుల పేర్లు వత్తులతో సహా సరిగ్గా రాసింది, నాకెందుకో అది భలే ముచ్చటేసింది.

ఆఫ్‌సెట్ ప్రెస్ దగ్గర మళ్ళీ చిక్కు. వాళ్ళు పేజ్‌మేకర్ ఫైలో కోరెల్ ఫైలో ఇమ్మంటారు. డిజైన్ ఇంక్‌స్కేప్‌లో చేసాను, తెలుగు అందులో బ్రహ్మాండంగా వస్తుంది, కానీ అది తెర మీద చూపే ఆర్జీబీ రంగులే ఇస్తుంది, ప్రెస్‌కి నాలుగు సిరాల సీఎంవైకే కావాలి. కాబట్టి పేజీలు పేర్చే స్క్రైబస్‌లోకి తెచ్చి అక్కణ్ణుంచి ప్రింటర్ కోసం అని పీడీఎఫ్ తియ్యాలి. స్క్రైబస్ తీసుకుంటే 1.6 నుంచే తీసుకోండి, బాగా పాత 1.4 లో తెలుగు వత్తులు విడివిడిగా పడిపోతాయి. పని జరిగింది, నాకు నచ్చలేదు. పెద్ద మేటర్ ఉంటే బరువుగా కదులుతుంది, మెనూలు ఏ కాలం నాటివో అనిపిస్తాయి, స్క్రైబస్‌ని ఇష్టపడటానికి ఇంకో సంక్రాంతి కావాలి నాకు. ప్రెస్ ఆయన మొదట "పీడీఎఫ్ అయితే అక్షరాలు పోతాయండీ" అని గునిశాడు, అక్షరాలన్నీ గీతలుగా మార్చేసి ఇచ్చాను, పోవడానికి ఇంకేం లేవు. వెయ్యి కరపత్రాలు భోగికి రెండు రోజుల ముందే వచ్చాయి. అదే మేటర్ వాట్సాప్‌లో అక్షరాలుగా పంపితే పెద్దాయన మనవరాలు అమెరికా నుంచి అందులో చందా లిస్ట్‌లో వాళ్ళ తాతగారి పేరు వెతికి, ఇంటిపేరు తప్పు పడిందని ఫోన్ చేయించింది. ఇదివరకైతే ఎవరూ వెతకలేరు కాబట్టి నా తప్పులు బయటపడేవి కాదు.

ఇప్పుడు ఖాళీ దొరికినప్పుడల్లా పాత శుభలేఖల మేటర్ యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మార్చిపెట్టే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, పని తగ్గుద్ది గానీ తర్వాత కళ్ళు పెట్టి చదవాల్సిందే, వధూవరుల పేర్లలో వత్తు తేడా వస్తే పెళ్ళివారు ఊరుకోరు.

కుదరనివి కూడా చెప్పాలి. వేలిముద్ర మిషన్ డ్రైవర్ మింట్‌లో నాకు దొరకలేదు, అందుకని రెండో సిస్టమ్‌లో విండోస్ అలాగే ఉంచాను, వేలిముద్రల పనీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ పనీ దాంట్లోనే. కాబట్టి షాపు మొత్తం లినక్స్ అయిపోయిందని గొప్పలు పోలేను. రెండిటి మధ్య ఫైళ్ళు పంపుకోవడానికి మింట్‌తో వచ్చే వార్పినేటర్ విండోస్‌కి కూడా దొరికింది. ఒకే సిస్టమ్‌లో రెండూ పెట్టుకునేవాళ్ళు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసుకోండి, లేకపోతే మింట్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు. టైమ్‌షిఫ్ట్ మాత్రం మొదటి రోజే పెట్టుకోండి, ఒకసారి నేను ఏదో గెలికి స్క్రీన్ నల్లగా అయిపోతే పావుగంటలో నిన్నటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అప్‌డేట్లు ఎప్పుడు వెయ్యాలో మనల్నే అడుగుద్ది, గిరాకీ ముందు పరువు తియ్యదు. ఈ 22 వెర్షన్లకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అప్పటిదాకా ఈ లాప్‌టాప్ ఉంటే చాలు.

ఆఖరికి ప్రింటర్లు. ఆల్ ఇన్ వన్ హెచ్‌పీ ప్రింటర్ తగిలించగానే పేరుతో సహా వచ్చేసింది, స్కానర్ కూడా. పదేళ్ళ నాటి లేజర్ ప్రింటర్ ఒకటుంది, కంపెనీ పేరు చెప్పను, ఏనుగు లాంటిది, ఎన్ని వేల కాపీలు తీసిందో, దాన్ని మాత్రం మింట్‌తో మాట్లాడించడానికి మేనల్లుడూ నేనూ ఒక ఆదివారం మొత్తం ధారపోశాం, ఒక పేజీ వచ్చింది, రెండోది రాలేదు. విండోస్ ఉన్నోళ్ళకి ఇప్పటికీ బంగారంలా పనిచేస్తుంది, కొత్త టోనర్ వేసి నెల కూడా కాలేదు, మూడు వేలకి ఇచ్చేస్తాను. కావాల్సినోళ్ళు షాపుకి వచ్చి చూసుకోండి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం భోజనానికి మూసేస్తానండి.